మాంటీ పైథాన్ ఇప్పటికీ ఎందుకు నవ్విస్తోంది? చూసినవాళ్ళు చెప్పండి

కాకినాడ కాజా

బ్రిటన్ టీవీ హాస్య కార్యక్రమం 'మాంటీ పైథాన్స్ ఫ్లయింగ్ సర్కస్' నాలుగు సిరీస్‌లూ ఈ మధ్య మళ్ళీ వరసగా చూశాను. మొత్తం 45 ఎపిసోడ్లు. మొదటిది బీబీసీలో 1969 అక్టోబరు 5న వచ్చింది, చివరిది 1974 డిసెంబరులో. నేను పుట్టకముందే అయిపోయిన కార్యక్రమం ఇది. అప్పటి బ్రిటన్ రాజకీయ నాయకుల మీద, టీవీ వ్యాఖ్యాతల మీద వేసిన విసుర్లు సగం నాకు అందవు. అయినా పకపకా నవ్వుతూనే ఉన్నాను. ఎందుకా అని ఆలోచిస్తే నాకు తోచిన మొదటి కారణం ఇది: వీళ్ళు స్కెచ్‌కి, అంటే చిన్న హాస్య నాటికకి, ముగింపు రాయడం మానేశారు.

మామూలు స్కెచ్‌లో అంతా చివరి పంచ్ కోసమే నడుస్తుంది. అది పేలకపోతే అప్పటిదాకా నవ్వినదంతా నీరుగారిపోతుంది. పేలినా, రెండోసారి చూసేటప్పటికి అదేమిటో మనకు ముందే తెలుసు. పైథాన్ బృందం ఆ చిక్కునే తీసి అవతల పారేసింది. తమాషా పలచబడుతోంది అనిపించిన చోట వదిలేస్తారు. గ్రాహమ్ చాప్‌మన్ మిలిటరీ కల్నల్ వేషంలో నడిచొచ్చి, ఇది మరీ పిచ్చిగా తయారైంది, ఆపేయండి అని హుకుం జారీ చేస్తాడు. లేదంటే టెర్రీ గిలియమ్ బొమ్మల్లోంచి ఒక పెద్ద పాదం దిగి అన్నిటినీ తొక్కేస్తుంది. వెనకటి స్కెచ్‌లో మనిషి ఈ స్కెచ్‌లోకి వచ్చి పడతాడు. కార్యక్రమం ఇంకా సగం కూడా కాకుండానే, చివర్లో రావాల్సిన నటీనటుల పేర్లు వేసేస్తారు.

అందుకే ఎక్కడ మొదలుపెట్టి చూసినా, ఎన్నోసారి చూసినా తర్వాతేం జరుగుతుందో అన్న ఆత్రం పోదు. మీకు ఏం నచ్చింది, ఏం నచ్చలేదు? వివరంగా రాయండి.

కోడ్‌కొలిమి

నేను ఈ షో దగ్గరికి ఉద్యోగం దారిలో వచ్చాను. హైదరాబాద్‌లో రోజూ పైథాన్ అనే కంప్యూటర్ భాషలో కోడ్ రాయడం నా పని. ఆ భాషకి పేరు పాము వల్ల వచ్చిందనుకునేవాళ్ళు మా టీమ్‌లో చాలామంది ఉన్నారు. ఆ భాష తయారుచేసిన డచ్ ప్రోగ్రామర్ గీడో వాన్ రోసమ్ అప్పట్లో ఈ షో స్క్రిప్టులు చదువుతుండేవాడు, పేరు అక్కడి నుంచి తీసుకున్నాడు. 1991లో మొదటిసారి బయటికొచ్చిన ఆ భాష డాక్యుమెంటేషన్‌లో ఇప్పటికీ ఉదాహరణలకి 'స్పామ్', 'ఎగ్స్' అన్న పేర్లు కనబడతాయి. నేర్చుకునే రోజుల్లో అవి ఎందుకున్నాయో అర్థంకాక వెతికితే స్పామ్ స్కెచ్ దొరికింది.

1970 నాటిది. ఒక చిన్న హోటల్. భార్యాభర్తలు టిఫిన్‌కి వస్తారు. మెనూలో ఏది అడిగినా అందులో స్పామ్ అనే డబ్బా మాంసం ఉంటుంది. ఆవిడకి అది ఇష్టం లేదు. పక్క టేబుళ్ళ నిండా కూర్చున్న వైకింగులు గొంతెత్తి దాని మీద పాట అందుకుంటారు. అంతే కథ. చిన్న చిన్న మార్పులతో ఒకే మాటని అంతసేపు లాగి, విసుగు పుట్టే గీత దాటించి, మళ్ళీ అవతలివైపు నవ్వు దాకా తీసుకెళ్ళడం చూసి ఆశ్చర్యపోయాను. మనకి అక్కర్లేని మెయిల్‌కి ఆ పేరు స్థిరపడింది కూడా ఈ స్కెచ్ వల్లే. తొలినాళ్ళ ఆన్‌లైన్ చాట్‌లలో కొంతమంది అదే మాట వరసగా టైప్ చేసి అవతలివాళ్ళని మాట్లాడనిచ్చేవాళ్ళు కాదు.

ఇంకొకటి. పైథాన్ ప్యాకేజీలు దొరికే సైట్‌కి ఒకప్పుడు 'చీజ్ షాప్' అని ముద్దుపేరు. అదీ వీళ్ళ స్కెచ్చే. జున్ను దుకాణంలో జున్ను తప్ప అన్నీ ఉంటాయి, ఓ మూల వాయిద్యం మోగుతుంటుంది, పక్కనే డాన్స్ కూడా.

పాతరేడియో

మంచి చర్చ మొదలుపెట్టారు కాజా గారూ. ముగింపు లేకుండా వదిలేసే పద్ధతి వీళ్ళతోనే మొదలవలేదు. 1969 మార్చిలో స్పైక్ మిలిగన్ 'క్యూ5' అనే కార్యక్రమం బీబీసీలో వచ్చింది. అందులో స్కెచ్‌లు మధ్యలోనే ఎటో కొట్టుకుపోయేవి. అది చూసి, మనం చేద్దామనుకున్నది ఈయన చేసేశాడే అని వీళ్ళు కంగారుపడ్డారు కూడా. మిలిగన్ పుట్టింది మన దేశంలోనే, మహారాష్ట్రలోని అహ్మద్‌నగర్‌లో, 1918లో. సైనిక కుటుంబం.

అయితే మిలిగన్ దగ్గర లేనిది వీళ్ళ దగ్గర ఉన్నది ఆ ఆరుగురి కూర్పు. జాన్ క్లీస్ కేంబ్రిడ్జిలో లా చదివాడు. చాప్‌మన్ డాక్టరు. ఎరిక్ ఐడిల్ కూడా కేంబ్రిడ్జే. మైకేల్ పేలిన్, టెర్రీ జోన్స్ ఆక్స్‌ఫర్డ్ వాళ్ళు. గిలియమ్ ఒక్కడే అమెరికన్, బొమ్మల మనిషి. క్లీస్, చాప్‌మన్ కలిసి రాసేవాళ్ళు. పేలిన్, జోన్స్ ఇంకో జంట. ఐడిల్ ఒక్కడే కూర్చుని రాసుకునేవాడు. తర్వాత అందరూ ఒకచోట చేరి పైకి చదవడం, మిగతావాళ్ళు నవ్వితే ఉంచడం, నవ్వకపోతే తీసేయడం.

జంటని బట్టి స్కెచ్ రుచి మారుతుంది, గమనించండి. ఇద్దరు మనుషులు ఒక బల్లకి అటూ ఇటూ నిలబడి మాట మాట పెంచుకుంటూ పోతే అది ఎక్కువగా క్లీస్, చాప్‌మన్‌లది. కొండలు, పొలాలు, దూరం నుంచి నడిచొచ్చే మనిషి, వింత చారిత్రక వేషాలు ఉంటే పేలిన్, జోన్స్‌లది. మాటలతో గారడీ చేస్తూ ఒక్క మనిషే ఊపిరాడకుండా మాట్లాడేస్తుంటే ఐడిల్.

చచ్చిన చిలక స్కెచ్ పుట్టుక చెప్పాలి. అందులో ఒకాయన తనకి చచ్చిన చిలకని అంటగట్టారని దుకాణానికి తిరిగొస్తే, అది చావలేదని దుకాణదారు బుకాయిస్తాడు. పేలిన్ ఓసారి కారు బాగాలేదని అమ్మినాయన దగ్గరికి వెళితే, ఆయన ఏ లోపం చూపించినా దానికో సమాధానం చెప్పి పంపేవాడట. అది 1968లో వేరే కార్యక్రమంలో కారు స్కెచ్‌గా వచ్చింది. పైథాన్‌కి మళ్ళీ రాసేటప్పుడు, వస్తువు కాదు, చచ్చిన చిలక అయితే ఎలా ఉంటుందన్న ఆలోచన చాప్‌మన్‌ది. నా దృష్టిలో ఆ షో మొత్తానికి తాళంచెవి ఆ మార్పే. కారు బాగుందా లేదా అని వాదించుకోవచ్చు. చిలక చచ్చిందా బతికుందా అన్న దానిలో వాదనకి చోటే లేదు. అయినా ఆ దుకాణదారు వాదిస్తాడు.

తెరవెనుక

అందరూ పొగుడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా ఉండాలి. చిలక, పిచ్చినడకలు, స్పామ్, స్పానిష్ ఇంక్విజిషన్ (పాతకాలం స్పెయిన్‌లో జరిగిన మతవిచారణ మీద స్కెచ్), ఆర్గ్యుమెంట్ క్లినిక్. ఎవరిని అడిగినా ఇవే చెబుతారు. 45 ఎపిసోడ్లంటే సుమారు 22 గంటలు. మిగతా గంటల సంగతేమిటి? నేను ఓపిగ్గా చూశాను. చాలా స్కెచ్‌లు సాగుతూ ఉంటాయి. అరుపులు ఎక్కువ. నాలుగో సిరీస్ క్లీస్ లేకుండా తీసిన 6 ఎపిసోడ్లు నాకు అసలు ఎక్కలేదు.

నవ్వు రాని ఇంకో విషయం ఆడవాళ్ళ పాత్రలు. కాస్త వయసున్న ఆడమనిషి కావాలంటే మగవాళ్ళే చీరేసిన గొంతుతో వేసేస్తారు. అందమైన అమ్మాయి కావాలంటే కేరల్ క్లీవ్‌లండ్. ఆవిడకి మంచి టైమింగ్ ఉంది, ఇచ్చిన చోటల్లా చూపించింది, కానీ ఇచ్చింది తక్కువ. ముఖానికి రంగు పూసుకుని వేరే జాతులవాళ్ళుగా నటించిన ముక్కలు చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ కాలంలో బ్రిటిష్ టీవీ అంతా అలాగే ఉండేది, నిజమే. ఉన్నంత మాత్రాన ఇప్పుడు చూసేవాళ్ళకి అది మింగుడు పడాలని లేదు.

నిలిచింది కార్యక్రమం కాదు, అందులో ఓ గంటన్నర. అదీ నా అభిప్రాయం.

కాకినాడ కాజా

తెరవెనుక గారూ, రంగు పూసిన ముక్కల విషయంలో మీతో నేనూ ఉన్నాను. క్లీవ్‌లండ్ గురించి కూడా సరిగ్గా చెప్పారు.

గంటన్నర అన్న లెక్క మాత్రం ఒప్పుకోలేను. ఆ పేరున్న స్కెచ్‌లని యూట్యూబ్‌లో ముక్కలుగా చూడటం వేరు, అవి ఉన్న అరగంటలో చూడటం వేరు. ఇంక్విజిషన్‌నే తీసుకోండి. ఎర్ర అంగీలు వేసుకున్న ముగ్గురు కార్డినల్స్ తలుపు తోసుకుని రావడం ఒకసారి చూస్తే బాగుంటుంది. తమ ఆయుధాలు ఎన్నో లెక్క చెప్పబోయి, తప్పి, బయటికెళ్ళి మళ్ళీ రావడం ఇంకా బాగుంటుంది. కానీ ఆ ఎపిసోడ్ చివర్లో వాళ్ళు కోర్టుకి చేరాలని బస్సెక్కుతారు, ఆ సమయానికి పేర్లు పడటం మొదలవుతుంది. పేర్లు అయిపోయేలోగా చేరగలమా అని వాళ్ళ టెన్షన్. మనం అరగంట కూర్చుని ఉంటేనే ఆ టెన్షన్ మనదవుతుంది. ముక్కలో అది రాదు.

నాలుగో సిరీస్ బలహీనమే. అందులోనూ గిలియమ్ బొమ్మలు ఏ మాత్రం తగ్గలేదు. పాత ఛాయాచిత్రాలు, ప్రసిద్ధ చిత్రాలు కత్తిరించి కదిలించేవాడు. ఆ తొక్కే పాదం బ్రాంజినో అనే ఇటాలియన్ చిత్రకారుడు 16వ శతాబ్దంలో వేసిన పెయింటింగ్‌లోది, లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. కింద మూలన ఉన్న మన్మథుడి పాదం.

ఇందూరు

నేను జూనియర్ అసిస్టెంట్‌గా చేరి చాలా ఏళ్ళు ఆఫీసులో ఫైళ్ళు చూసినవాణ్ణి. నాకు ఈ షో ఎందుకు నచ్చుతుందో ఒక్క ముక్కలో చెప్పగలను. ఇందులో ఎవరూ జోకు వేయరు. అందరూ డ్యూటీ చేస్తుంటారు.

పిచ్చినడకల మంత్రిత్వ శాఖ చూడండి. అందరూ క్లీస్ కాళ్ళు చూస్తారు. నేను ఆ బల్ల చూస్తాను. ఒకాయన తన పిచ్చినడకని అభివృద్ధి చేసుకోవడానికి ప్రభుత్వ గ్రాంటు కావాలని దరఖాస్తు పెట్టుకుని వస్తాడు. అధికారి చాలా మర్యాదగా కూర్చోబెడతాడు. నడిచి చూపించమంటాడు. చూసి, మీ నడకలో పిచ్చి అంతగా లేదండీ అంటాడు. నిధుల కొరత గురించి బాధపడతాడు. రక్షణకి, విద్యకి, వైద్యానికి బోలెడంత ఇస్తున్నారు, మా శాఖకి మాత్రం తగ్గించేస్తున్నారు అంటాడు. ఆ వాక్యాల్లో 'నడక' తీసేసి ఏ పథకం పేరు పెట్టినా ఏ జిల్లా కార్యాలయంలోనైనా నప్పుతుంది. ఆ గొంతు నేను విన్నాను, ఆ గొంతుతో మాట్లాడే పెద్దసార్ల దగ్గర పనిచేశాను. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు. వచ్చినాయన అడిగేది ఏమిటన్నది వాళ్ళకి పట్టదు, అడిగిన పద్ధతి సరిగ్గా ఉందా లేదా అన్నదే పడుతుంది.

1972 నాటి ఆర్గ్యుమెంట్ క్లినిక్ ఇంకా గట్టిది. పేలిన్ డబ్బు కట్టి వాదన కొనుక్కోవడానికి వస్తాడు. ముందు పొరపాటున వేరే గదిలోకి వెళితే అక్కడ తిట్లు తినాల్సి వస్తుంది, ఎందుకంటే అది తిట్ల గది. సరైన గదికి వెళితే క్లీస్ ప్రతి మాటకీ కాదు అంటుంటాడు, అంతే. ఇది వాదన కాదు, ఉత్తి కాదనడం అని పేలిన్ మొత్తుకుంటాడు. ఆ మొత్తుకోవడమే మంచి వాదన అయిపోతుంది, అదీ అందం! కాసేపటికి గంట కొట్టి టైమైపోయింది, ఇంకా కావాలంటే మళ్ళీ కట్టు అంటాడు. కడితే, కట్టలేదంటాడు. కట్టలేదంటున్నావంటే వాదిస్తున్నట్టే కదా, అంటే నేను కట్టినట్టే కదా అని పేలిన్ పట్టుకుంటాడు. దానికీ అవతల జవాబు ఉంది. కౌంటర్ ముందు నిలబడ్డ ప్రతి మనిషికీ ఈ అనుభవం ఉంటది. దీనికి లండన్ తెలియనక్కర్లేదు.

మన దగ్గర ఈ నాడి పట్టుకున్నది జస్పాల్ భట్టీ. 1989లో దూరదర్శన్‌లో 'ఫ్లాప్ షో' వచ్చేది. 10 ఎపిసోడ్లే. పీహెచ్‌డీ గైడు తన విద్యార్థి చేత ఇంటి పని చేయించుకుంటుంటే ఇద్దరిలో ఒక్కరి ముఖంలోనూ ఇది తప్పన్న ధ్యాస కనబడదు. హిందీ అంతంత మాత్రం వచ్చిన మా ఇంట్లోవాళ్ళు కూడా దాని కోసం కూర్చునేవాళ్ళు.

థేమ్స్‌గట్టు

ఇందూరు అన్నా, మీరు రాసింది చదువుతుంటే ఆ బల్ల నాకూ కొత్తగా కనబడింది.

నేను పడమటి లండన్‌లో ఉంటాను. ఇక్కడి తోటి ఉద్యోగులకి ఇందులో నవ్వు వచ్చే చోటు కొంచెం వేరు. వాళ్ళకి ఆ గొంతుల యాస వినగానే మనిషి ఏ బడిలో చదివాడో, నాన్న ఏం చేసేవాడో తెలిసిపోతుంది. కల్నల్, బిషప్పు, న్యాయమూర్తి, బీబీసీ వార్తలు చదివే పెద్దమనిషి, వీళ్ళందరూ 1960ల దాకా ఎవరూ నవ్వడానికి సాహసించని పీఠాలు. అదే బీబీసీ డబ్బులిచ్చి, అదే బీబీసీ వ్యాఖ్యాతలా సూటూ బూటూ వేసుకున్న క్లీస్‌ని పొలం మధ్యలో బల్ల వేసి కూర్చోబెట్టడం వాళ్ళకి పెద్ద విడుదల. నాకు ఆ నేపథ్యం నెమ్మదిగా తెలిసింది, తెలిసేకొద్దీ ఇష్టం పెరిగింది.

కానీ మా అత్తగారికి అవేవీ అక్కర్లేకపోయింది. ఆవిడ ఇంగ్లీషు మాట్లాడరు. ఇక్కడికి వచ్చినప్పుడు చేపలతో కొట్టుకునే డాన్స్ చూపించాను. టెడింగ్టన్ లాక్ దగ్గర తీశారు, మాకు దగ్గరే. పేలిన్ గంతులేస్తూ రెండు చిన్న చేపలతో క్లీస్ చెంపల మీద మెల్లగా తడుతుంటాడు, హుషారైన సంగీతం. సంగీతం ఆగుతుంది. క్లీస్ ఓ పెద్ద చేప తీసి ఒక్కటిస్తాడు, పేలిన్ నీళ్ళలో పడతాడు. ఇరవై సెకన్లు ఉంటుందేమో. అత్తగారు కళ్ళ నీళ్ళు తుడుచుకుని మళ్ళీ పెట్టమన్నారు. ఆ రెండు చిన్న దెబ్బలు అంత శ్రద్ధగా, అంత కొలతగా వేయకపోతే చివరి దెబ్బకి ఆ బలం రాదు.

కోడ్‌కొలిమి

పిచ్చినడకల మాట వచ్చింది కాబట్టి: 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ క్రిస్మస్ సంచికలో దీని మీద నిజంగానే పరిశోధన పత్రం వచ్చింది. 13 మంది పెద్దవాళ్ళ చేత స్కెచ్‌లోని నడకలు నడిపించి, ఖర్చయ్యే శక్తిని కొలిచారు. క్లీస్ నడక నడిస్తే మామూలు నడకకి సుమారు రెండున్నర రెట్లు శక్తి ఖర్చవుతుందట. గ్రాంటు కోసం వచ్చిన దరఖాస్తుదారుడి నడకకి పెద్ద తేడా లేదు. అధికారి చెప్పింది నిజమే, ఇందూరు గారూ.

పాతరేడియో

ఇష్టపడటం ఒక సంగతి, మిగిలి ఉండటం ఇంకో సంగతి. ఆ రోజుల్లో వీడియో టేపు ఖరీదైనది. బీబీసీ పాత కార్యక్రమాలు చెరిపేసి టేపు మళ్ళీ వాడుకునేది. పీటర్ కుక్, డడ్లీ మూర్ చేసిన గొప్ప స్కెచ్ షో చాలా భాగం అలాగే పోయింది. పైథాన్ టేపులూ చెరిపేస్తారన్న కబురు తెలిసి వాటిని కాపీ చేయించి ఇంట్లో దాచుకున్నానని టెర్రీ జోన్స్ తర్వాత చెప్పాడు. 45 ఎపిసోడ్లూ ఈనాడు మనకు ఉన్నాయంటే, ఆ కుక్, మూర్ షో గతి చూసినవాడిగా, నాకు అది చాలా పెద్ద విషయం.

అమెరికాలో 1974లో డాలస్‌లోని కేఈఆర్‌ఏ అనే పబ్లిక్ స్టేషన్ కత్తెర వేయకుండా ప్రసారం చేసింది, అక్కడ్నుంచే ఆ దేశంలో పాకింది. మరుసటి ఏడాది ఏబీసీ నెట్‌వర్క్ నాలుగో సిరీస్‌లోని మూడు ఎపిసోడ్లు కలిపి, 90 నిమిషాల్లో 24 నిమిషాలు కోసేసి వేసింది. వీళ్ళు ఊరుకోలేదు, కోర్టుకెక్కారు. 1976లో అప్పీలు కోర్టు వీళ్ళ వైపు తీర్పిచ్చింది. రచయిత అనుమతి లేకుండా రచనని ముక్కలు చేసి అతని పేరుతో చూపించకూడదన్న వాదనకి ఆ కేసు ఇప్పటికీ లా కాలేజీల్లో పాఠం. టీవీ కామెడీని అప్పట్లో ఎవరూ అంత విలువైన రచనగా చూడలేదు. రాసిన ఆరుగురూ చూశారు. తెరవెనుక గారు నచ్చలేదన్న ఆ నాలుగో సిరీస్ కోసమే ఆ పోరాటం జరిగింది.

తెరవెనుక

కేసు సంగతి బాగా చెప్పారు. ఆ పట్టుదల మీద నాకు గౌరవం ఉంది, సిరీస్ మీద అభిప్రాయం మారలేదు.

చిలక ఎంత దూరం పోయిందో చెప్పడానికి నా దగ్గరా ఒకటుంది. 1990లో అప్పటి బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ తన పార్టీ మహాసభలో లిబరల్ డెమొక్రాట్ల పక్షి గుర్తుని వెక్కిరించడానికి చిలక స్కెచ్ మాటలు వాడింది. సభ గొల్లుమంది. పీఠాల మీద నవ్వడానికి పుట్టిన స్కెచ్ ఆ పీఠం మీద కూర్చున్న మనిషి నోట్లోకే వచ్చేసింది. నిలిచిపోయిన కామెడీకి ఇదొక ప్రమాదం. అందరిదీ అయిపోతే ఎవరినీ గుచ్చదు.

థేమ్స్‌గట్టు

అందరిదీ అయినా దాని పదును పోలేదనడానికి నా దగ్గర ఉదాహరణ ఉంది. చాప్‌మన్ 1989 అక్టోబరు 4న, షో మొదలై సరిగ్గా 20 ఏళ్ళు నిండటానికి ఒక్క రోజు ముందు, క్యాన్సర్‌తో పోయాడు. 48 ఏళ్ళు. డిసెంబరులో సంస్మరణ సభ పెట్టారు. క్లీస్ లేచి, చిలక స్కెచ్‌లో చావుకి వాడిన ఆ మాటలన్నీ వరసగా చాప్‌మన్‌కి వాడాడు. ఇద్దరూ కలిసి రాసిన మాటలు అవి. సభలో నవ్వులు. మర్యాదలన్నీ పక్కన పెట్టి నవ్వించకపోతే చాప్‌మన్ తనని క్షమించడని క్లీస్ అక్కడే చెప్పాడు. వీడియో దొరుకుతుంది, చూడండి. ఆ మాటలు స్నేహితుడి కోసం పనికొచ్చినంతగా ఏ నాయకురాలికీ పనికిరాలేదని నాకనిపిస్తుంది.

కొత్తచూపు

ఈ దారం మొత్తం చదివాను. నేను ఒక్క స్కెచ్ కూడా చూడలేదు. మా అమ్మాయి పదో తరగతి, తనతో కలిసి చూడాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టమంటారు? మొదటి ఎపిసోడ్ నుంచి వరసగానా?

కాకినాడ కాజా

వరసగా వద్దండి. మొదటి రెండు మూడు ఎపిసోడ్లలో వాళ్ళింకా దారి వెతుక్కుంటున్నారు, స్టూడియోలో ప్రేక్షకులు కూడా ఎక్కడ నవ్వాలో తెలియక ఆగి ఆగి నవ్వుతారు. ముందు థేమ్స్‌గట్టు గారు చెప్పిన చేపల డాన్స్ చూపించండి. తర్వాత ఆర్గ్యుమెంట్ క్లినిక్, సబ్‌టైటిల్స్ పెట్టుకుని. పదో తరగతి పిల్లలకి కాదు అనడం బాగా తెలుసు కాబట్టి వెంటనే పట్టుకుంటారు. అది నచ్చితే రెండో సిరీస్ మొదటి రెండు ఎపిసోడ్లు పూర్తిగా చూడండి: ఒకదాంట్లో పిచ్చినడకలు, రెండోదాంట్లో ఇంక్విజిషన్. అక్కడికి వాళ్ళ చేయి పూర్తిగా తిరిగింది.

అక్కడక్కడా పెద్దవాళ్ళ సంగతులు, తెరవెనుక గారు చెప్పిన రంగు పూసిన ముక్కలు వస్తాయి. ముందుగా మీరొకసారి చూసుకుంటే మంచిది. అవి వచ్చినప్పుడు దాటేయకుండా, అవెందుకు తప్పో అమ్మాయితో మాట్లాడండి. చిలక స్కెచ్ మాత్రం మొదటి రోజు వద్దు. దాని గురించి ఇక్కడ చాలా రాసేశాం, ఎక్కువ ఆశ పెట్టుకుని చూస్తారు. మొదటి సిరీస్ ఎనిమిదో ఎపిసోడ్‌లో ఉంది. మిగతావి చూస్తూ అక్కడికి చేరినప్పుడు దానంతటదే వస్తుంది.